జూమ్‌లో వీడియో చూపిస్తే ఆగి ఆగి వస్తోంది, తర్వాత అక్షరాలు మసకబారుతున్నాయి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఏం మార్చాలి?

పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు పాఠం చెబుతున్నారు. ముందు పీడీఎఫ్, మధ్యలో ఒక కూచిపూడి వీడియో, మళ్లీ పీడీఎఫ్. వీడియో తడబడుతోంది, తిరిగి పాఠానికొస్తే అక్షరాలు అలికినట్టున్నాయి, ఫ్రేమ్స్ పర్ సెకండ్ (సెకనుకు పంపే బొమ్మల సంఖ్య) పెంచితే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండీ. ఆ గడి జోలికి అసలు వెళ్లకండి. దాని పేరులోనే "లిమిట్" అని ఉంది. అది మూత, మోటారు కాదు. టిక్ పెట్టి ఎంత పెద్ద అంకె ఎంచుకున్నా జూమ్ అదనంగా ఒక్క ఫ్రేమ్ కూడా పుట్టించదు. అంతకు మించి పంపకుండా మాత్రం ఆపుతుంది. టిక్ తీసేస్తే తెర మీద కదలికను బట్టి, నెట్‌ను బట్టి అదే తేల్చుకుంటుంది. పాత లాప్‌టాప్ ఫ్యాను హోరెత్తిపోతూ స్లైడ్లు మాత్రమే చూపించాల్సి వస్తే, అప్పుడు 4కో 6కో కట్టడి చేయడంలో అర్థం ఉంది. వీడియో చూపించాల్సిన వాళ్లు అదే గడిలో 4 పెట్టుకుని బొమ్మ నత్తనడక నడుస్తోందని నెట్ కంపెనీని తిడుతుంటారు. యూట్యూబులో "ఈ ఒక్క సెట్టింగ్ మార్చండి" అనే వీడియోల పుణ్యం అది.

మీ అసలు సమస్య అడ్వాన్స్‌డ్‌లో లేదు. షేర్ నొక్కగానే వచ్చే కిటికీ అడుగున ఉండే రెండు టిక్కుల్లో ఉంది: షేర్ సౌండ్, ఆప్టిమైజ్ ఫర్ వీడియో క్లిప్.

రెండోది పెడితే జూమ్ కదలికకు పెద్దపీట వేసి, స్పష్టతను వదులుకుంటుంది. నర్తకి అడుగు తెగిపోకుండా కనిపించాలంటే అది కావాలి. కానీ వీడియో అయ్యాక ఆ టిక్ తీయకుండా పీడీఎఫ్‌కి వస్తే, కదలని పేజీని కూడా కదిలే బొమ్మలాగే నలిపి పంపుతుంది. ఇంగ్లిష్ అక్షరాలకు ఆ నష్టం అంతగా తెలియదు. మన లిపిలో మాత్రం వెంటనే బయటపడుతుంది. "లక్ష్మి"లో మ వత్తు, "స్త్రీ"లో ర వత్తు ఉండేది నాలుగైదు పిక్సెళ్లలో. అవి కలిసిపోతే అమెరికాలో ఐప్యాడ్ ముందు కూర్చున్న పిల్లాడికి ఏది ఏ వత్తో ఎలా తెలుస్తుంది? వాడిది బద్ధకం అనుకుంటారు, పాపం.

కాబట్టి వీడియో మొదలయ్యే ముందు, షేర్ నడుస్తుండగానే, పైనున్న పట్టీలో మోర్ నొక్కి ఆప్టిమైజ్ ఆన్ చేయండి. వీడియోను ఫుల్ స్క్రీన్‌లో పెట్టండి, చిన్న కిటికీలో నడిపితే ఈ టిక్ వల్ల లాభం కన్నా మసకే ఎక్కువ. అయిపోగానే మళ్లీ మోర్‌లోకి వెళ్లి తీసేయండి. షేర్ సౌండ్ పక్కనున్న చిన్న బాణం నొక్కితే మోనో, స్టీరియో కనిపిస్తాయి. మాటలకు మోనో చాలు, పాట అయితే స్టీరియో. వీడియో నడిచినంతసేపూ మీ మైకు మ్యూట్‌లో పెట్టండి. కంప్యూటర్ సౌండ్ వెళ్లే దారి వేరు, అది ఆగదు. మైకు తెరిచి ఉంటే స్పీకర్లలోంచి వచ్చిన పాట మైకులో పడి రెండోసారి కూడా బయల్దేరుతుంది. అవతల బావిలోంచి పాడినట్టు వినిపించేది అందుకే.

ఇంకో మార్గం చాలామందికి తెలియదు. వీడియో ఎంపీ4 లేదా ఎంఓవీ ఫైలుగా మీ దగ్గరుంటే, షేర్ కిటికీలో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరిచి "వీడియో" ఎంచుకుని ఆ ఫైలు ఇవ్వండి. జూమ్ తన ప్లేయర్‌లోనే నడిపిస్తుంది, సౌండ్ దానంతటదే వెళ్తుంది. యూట్యూబ్ నడిపి దాన్ని షేర్ చేస్తే అదే బొమ్మ ఒకసారి మీ ఇంట్లోకి దిగి, మళ్లీ పైకి ఎక్కాలి. లాప్‌టాప్ ఆ వీడియోను విప్పాలి, పంపడానికి మళ్లీ మూట కట్టాలి. తడబాటులో సగం అక్కడిదే.

నెట్ మీద నింద వేసే ముందు ఒక లెక్క చూడండి. జూమ్ చెప్పే ప్రకారం వీడియో బొమ్మలేమీ లేకుండా ఉత్త స్క్రీన్ షేర్‌కి 50 నుంచి 75 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) చాలు, చిన్న ముఖాల బొమ్మలు కూడా ఉంటే 150 వరకు. మొబైల్ హాట్‌స్పాట్ మీద కూడా పాఠం పేజీ హాయిగా వెళ్తుంది. నెట్‌కి అసలు పరీక్ష వీడియోతోనే.

ఇక అడ్వాన్స్‌డ్‌లో నిజంగా పనికొచ్చేవి. విండోస్‌లో సెట్టింగ్స్, షేర్ స్క్రీన్, అడ్వాన్స్‌డ్ తెరిస్తే స్క్రీన్ క్యాప్చర్ మోడ్ అని ఉంటుంది, మీ తెరను జూమ్ ఏ పద్ధతిలో పట్టుకోవాలో చెప్పేది. దాన్ని ఆటోలో వదిలేయండి. అవతలివాళ్లకు నల్ల తెర కనిపిస్తే మాత్రం అప్పుడు తాకాలి. అది కూడా రెండో అడుగే. రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న లాప్‌టాప్‌లో నల్ల తెరకు తరచూ కారణం జూమ్ ఒక చిప్పు మీద, తెర ఇంకో చిప్పు మీద నడవడం. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కి వెళ్లి జూమ్‌ను పవర్ సేవింగ్‌లో పెట్టి, జూమ్ పూర్తిగా మూసి తెరవండి. అప్పటికీ నలుపే అయితే క్యాప్చర్ మోడ్ మార్చి చూడండి, ఆ తర్వాత హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (బొమ్మల పనిని గ్రాఫిక్స్ చిప్పుకు అప్పగించేది) టిక్ తీయండి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఓటీటీ సినిమా నల్లగా కనిపిస్తే మాత్రం లోపం కాదు, కాపీరైటు తాళం. దానితో కుస్తీ పట్టకండి.

మ్యాక్ వాళ్లకు చిక్కు వేరు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద స్క్రీన్ రికార్డింగ్ అనుమతి జూమ్‌కి ఇవ్వాలి. ఇచ్చాక జూమ్ మూసి తెరవకపోతే ఇచ్చినా ఇవ్వనట్టే.

టీసీపీ కనెక్షన్ అనే టిక్ కూడా కనిపిస్తుంది. టీసీపీ, యూడీపీ అనేవి నెట్‌లో సమాచారం పంపే రెండు పద్ధతులు. ఆఫీసు ఫైర్‌వాల్ యూడీపీని ఆపేస్తుంటే తప్ప పెట్టకండి. టీసీపీలో దారిలో పోయిన ముక్క మళ్లీ వచ్చేదాకా వెనకున్నవన్నీ క్యూలో ఆగాలి, వీడియోకి అది శత్రువు.

అక్షరాలు అప్పటికీ చిన్నగా ఉంటే 4కే మానిటర్ మొత్తం షేర్ చేయడం మానేసి, పీడీఎఫ్ కిటికీ ఒక్కటే షేర్ చేయండి. పేజీని 150 శాతానికి పెంచండి. చూసేవాళ్లను వ్యూ ఆప్షన్స్‌లో ఒరిజినల్ సైజ్ ఎంచుకోమనండి, లేకపోతే జూమ్ మీ పేజీని వాళ్ల కిటికీకి సరిపడా కుదించేస్తుంది. కిటికీ ఒక్కటే షేర్ చేస్తే మీ వాట్సాప్ గొడవలు తరగతిలో పడవన్న లాభం ఎలాగూ ఉంది. డెస్క్‌టాప్ మొత్తం చూపక తప్పకపోతే సైలెన్స్ సిస్టమ్ నోటిఫికేషన్స్ టిక్ పెట్టండి.

మీరు అడగలేదు గానీ, పిల్లల తరగతి కాబట్టి చెబుతున్నా. షేర్ బొత్తాం పక్క బాణంలో అడ్వాన్స్‌డ్ షేరింగ్ ఆప్షన్స్ ఉంటాయి. అక్కడ "ఎవరు షేర్ చేయవచ్చు" దగ్గర హోస్ట్ ఓన్లీ పెట్టండి. 2020 ఏప్రిల్‌లో మన కేంద్ర హోంశాఖ జూమ్ మీద ఇచ్చిన సూచనల్లోనూ ఇది ఉంది. మీటింగ్‌లో మార్చేది ఆ మీటింగ్‌కే. ఎప్పటికీ నిలవాలంటే జూమ్ వెబ్‌సైట్‌లో మీ ఖాతా సెట్టింగ్స్‌లో, ఇన్ మీటింగ్ కింద స్క్రీన్ షేరింగ్ దగ్గర మార్చాలి.

పీడీఎఫ్ నుంచి వీడియోకి మారేటప్పుడు ఫైలు కోసం ఫోల్డర్లన్నీ వెతకడం పిల్లలు చూడకూడదంటే విండోస్‌లో ఆల్ట్ ప్లస్ టీ నొక్కండి, షేర్ ఉన్నచోటే ఆగుతుంది. ఫైలు తెరిచి ఆప్టిమైజ్ టిక్ సరిచూసుకుని మళ్లీ అదే నొక్కండి.