పుంజు ముల్లు పెరిగితే

అమ్మాయ్,

పుంజు కాలి ముల్లు వంకర తిరిగిందనీ, పెట్టల వీపులు చీరుకుపోతున్నాయనీ అక్క ఫోన్‌లో చెప్పింది. పటకారతో పట్టి ఒక్క తిప్పు తిప్పితే ఊడొస్తుందని మీ పక్కింటాయన అన్నాడట. ఆ పని మాత్రం చేయనివ్వకు.

పైకి కనపడేది గోరులాంటి గట్టి తొడుగు. దాని లోపల కాలి ఎముకలోంచే పెరిగిన ఎముక ఉంటుంది. దానికి నెత్తురూ ఉంది, నొప్పీ ఉంది. తొడుగు లాగేస్తే ఆ పచ్చి ఎముక బయటపడుతుంది. ఉడికిన బంగాళాదుంపను వేడివేడిగా ముల్లుకు గుచ్చి తొడుగు ఊడదీసే పద్ధతి కూడా అలాంటిదే, పైగా కాలు కాలుతుంది. అడకత్తెర కూడా వద్దు. నొక్కుడికి ముల్లు నిలువునా చీలుతుంది.

ముందు అసలు ముల్లు అరగదీయాలా అని చూడు. పొడుగ్గా ఉన్నంత మాత్రాన అరగదీయక్కర్లేదు. మొన రెండో కాలికి తగులుతున్నా, వంకర తిరిగి తన కాల్లోకే దిగేలా ఉన్నా, పెట్టలకు గాయాలవుతున్నా అరగదీయాలి.

మన వైపు ఎండలు తెలుసు కదా, పగటిపూట పెట్టుకోకు. పొద్దుగూకి పుంజు దడి ఎక్కాక పట్టుకుంటే గోల చేయదు. పాత తువ్వాలుతో రెక్కలు కలిపి చుట్టి, ముఖం మీద గుడ్డ కప్పు. రొమ్ము గట్టిగా అదమకు, రొమ్ము ఆడకపోతే కోడికి ఊపిరాడదు. తలకిందులుగా వేలాడదీయొద్దు. ఒకరు ఒళ్ళో పెట్టుకుంటే ఇంకొకరు పని చేయాలి, కాబట్టి మీ ఆయన్ని పిలువు.

ఆకురాయి ఒక్కటి చాలు. ముల్లు మొదలును రెండు వేళ్ళతో కదలకుండా పట్టుకుని మొన మీద మెల్లగా రుద్దు. ముల్లు మరీ పొడుగుంటే సన్న పళ్ళ హాక్‌సా బ్లేడుతో కొస మాత్రం కోసి, తర్వాత రుద్దు. కాలి దగ్గర ముప్పాతిక అంగుళం జోలికి అసలు పోకు. ముసలి పుంజుకు లోపలి ఎముక ఇంకా ముందుకొచ్చి ఉంటుంది, దానికి మొన మొద్దుబారితే చాలు. రుద్దేటప్పుడు కొస మధ్యలో చూస్తూ ఉండు. తెల్లగా పొడిపొడిగా రాలినంతసేపు ఫర్వాలేదు. నడిమధ్య రంగు మారినా, తడి కనిపించినా ఆపెయ్. మిగిలింది కొన్ని వారాలాగి చూసుకోవచ్చు, తొందరేముంది?

పటిక పొడి ముందే దగ్గర పెట్టుకో. నెత్తురొస్తే పొడి అద్ది, శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు నొక్కి పట్టు. మధ్యలో తీసి తీసి చూడకు. ఆగాక రాత్రికి విడిగా గంప కింద మూసిపెట్టు, ఎరుపు కనిపిస్తే మిగతా కోళ్ళు పొడుస్తాయి. నెత్తురు ఆగకపోయినా, మర్నాడు కాలు వాచినా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళు. వెళ్ళడం కుదరకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చెయ్.

సంక్రాంతి ముందు ఈ పుంజును చూసి బేరానికి వచ్చేవాళ్ళు ఉంటారు. కోడిపందేలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, గేటు బయటి నుంచే పంపించెయ్.

ముల్లు అరగదీసినంత మాత్రాన మీద పడి పొడిచే పుంజు మారదు. పిల్లల్ని దాని దగ్గరకు ఒంటరిగా పంపకు. ఇంకోటి, ఒక పుంజుకు ఎనిమిది పది పెట్టలైనా ఉండాలి. మీ ఇంట్లో నాలుగే ఉన్నాయట, వీపులు చీరడానికి అదీ ఒక కారణమే. గాయాలు మానేదాకా పెట్టలను వేరే ఉంచు.

మీ మామయ్య,
కావలి