మోకాలికి దెబ్బ తగిలాక గుజ్జు సంగతి స్కాన్ చెబుతుందా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. నాలుగు నెలల కిందట షటిల్ ఆడుతూ కుడి మోకాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకను కాలి ఎముకతో కలిపి పట్టి ఉంచే తాడులాంటి లిగమెంట్) తెగింది. వచ్చే నెల ఆపరేషన్. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. దెబ్బ తగిలిన వారంలో తీసిన ఎంఆర్ఐ రిపోర్టులో ‘కార్టిలేజ్ (గుజ్జు) నార్మల్, ఎముక లోపల కమిలింది’ అని ఉంది. గుజ్జు బాగున్నట్టేనా? టీ2 మ్యాపింగ్ కూడా తీయించుకోమంటున్నారు. అవసరమా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఎక్స్‌రేని ఇక్కడ లెక్కలోకి తీసుకోకండి. అందులో గుజ్జు కనబడదు, రెండు ఎముకల మధ్య సందు మాత్రమే కనబడుతుంది. ఆ సందు తగ్గడానికి ఏళ్లు పడుతుంది.

మామూలు ఎంఆర్ఐ గుజ్జు ఆకారాన్ని చూపిస్తుంది: పగులు, గుంట, పలచబడటం. మోకాలిలో చాలాచోట్ల గుజ్జు మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లే. దెబ్బ తగిలిన కొత్తలో పైపొర చెదరకపోవచ్చు. కానీ లోపల కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల అల్లిక వదులవుతుంది, నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్లనే పదార్థాలు తగ్గుతాయి. పైన తారు బాగానే ఉండి కింద మట్టి కుంగిన రోడ్డు లాంటి స్థితి అది. కాబట్టి ‘నార్మల్’ అంటే ఉపరితలం తెగలేదని మాత్రమే అర్థం.

మీ రిపోర్టులో ముఖ్యమైన మాట ‘ఎముక కమిలింది’ అన్నదే. ఏసీఎల్ తెగే క్షణంలో తొడ ఎముక బయటి వైపు భాగం, కాలి ఎముక బయటి వైపు వెనక అంచు ఢీకొంటాయి. వాటి మీదున్న గుజ్జు కూడా అదే దెబ్బ తింటుంది. ముందుగా చూడాల్సిన చోటు అదే.

గుజ్జు లోపలి ఆ మార్పును అంకెల్లో చూపే ఎంఆర్ఐ పద్ధతే టీ2 మ్యాపింగ్. ఇందులో ఒకే చోటును వేర్వేరు ఎకో టైముల (సిగ్నల్ అందుకునే ముందు ఆగే సమయాల) దగ్గర వరసగా చిత్రీకరించి, సిగ్నల్ ఎంత వేగంగా తగ్గుతోందో చుక్క చుక్కకూ మిల్లీసెకన్లలో లెక్కగడతారు. ఆరోగ్యంగా ఉన్న గుజ్జులో అది సాధారణంగా 30–50 మధ్య ఉంటుంది, ఎముకను ఆనుకున్న పొరలో తక్కువ, పైపొరలో ఎక్కువ. అల్లిక చెదిరి నీరు పెరిగితే అంకె పెరుగుతుంది. ఇంజెక్షన్ అక్కర్లేదు. మామూలు స్కాన్‌కి పది నిమిషాల లోపే అదనం.

అయితే ఈ అంకెలు తేలిగ్గా తప్పుదారి పట్టిస్తాయి. కొల్లాజెన్ పోగులు అయస్కాంత క్షేత్రానికి దాదాపు 55 డిగ్రీల కోణంలో ఉన్నచోట, జబ్బు లేకపోయినా అంకె పెరిగి కనబడుతుంది. తొడ ఎముక గుండ్రంగా వంగే చోట ఇది మామూలే. నడక, మెట్లు, పరుగు గుజ్జులోని నీటిని కదిలిస్తాయి. అందుకే మెట్రో మెట్లు దిగి నేరుగా వెళ్లి టేబుల్ మీద పడుకోవద్దు. ముందు ఒక అరగంట కూర్చోండి, పోల్చడానికి తర్వాత మళ్లీ తీయించేటప్పుడు కూడా అంతే సేపు. మెషీన్ మారితే అంకె మారుతుంది, 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) మెషీన్‌లో తీసిన దాన్ని 3 టెస్లాతో పోల్చకూడదు.

మీ విషయంలో తీయించుకోమనే మా సలహా, అదీ ఆపరేషన్‌కి ముందే. తర్వాతైతే లోహపు స్క్రూలు వాడిన చోట చుట్టుపక్కల బొమ్మ వంకరపోతుంది. ఏడాది తర్వాత అదే సెంటర్లో, అదే మెషీన్ మీద మళ్లీ తీయించి పోల్చితేనే ఈ ఖర్చుకు ఫలితం. ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి, ఫిల్మ్ మీద మళ్లీ కొలవడం కుదరదు. ఈ అంకెలను రంగుల్లో చూపే బొమ్మ మాత్రం ఇచ్చి, ఏ భాగంలో ఎన్ని మిల్లీసెకన్లో రాయని సెంటరైతే వద్దు.

అంకె ఎక్కువగా వచ్చిందని కంగారు పడకండి. దాన్ని వెనక్కి తిప్పుతుందని రుజువైన మాత్ర గానీ ఇంజెక్షన్ గానీ లేదు. కానీ కొన్ని నిర్ణయాలు మారతాయి: గెంతే ఆటలకు తిరిగి వెళ్లడం ఆలస్యం చేయాలి, తొడ ముందు కండరాన్ని ఇంకా గట్టిపరచాలి, బరువు పెరగకూడదు. ఇప్పటికి మాత్రం మోకాలు మరోసారి జారకుండా చూసుకోవడమే పెద్ద పని. జారిన ప్రతిసారీ గుజ్జు, మెనిస్కస్ (ఎముకల మధ్య ఉండే మెత్త) రెండూ నలుగుతాయి. మోకాలు చాపలేనట్టు ఇరుక్కుపోతే వచ్చే నెల దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది. మెట్ల మీద జారి మోకాలు వాచింది. ఎంఆర్ఐ కుదరదంటున్నారు, వేరే దారి ఉందా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు పేస్‌మేకర్‌తో ఇచ్చిన కార్డు చూడండి. కొత్త రకాల్లో చాలావాటితో, కొన్ని షరతుల మీద, గుండె డాక్టరు సెట్టింగ్ మార్చాక ఎంఆర్ఐ తీయవచ్చు. వీలుకాకపోతే, కీలులోకి అయోడిన్ మందు ఎక్కించి తీసే సీటీ ఆర్థ్రోగ్రామ్ ఉంది. పగుళ్లు, గుంటలు అందులో స్పష్టంగా తెలుస్తాయి, గుజ్జు లోపలి మార్పు తెలియదు. గతంలో అయోడిన్ మందు పడకపోయి ఉంటే, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సూది వేయకముందే చెప్పండి. తర్వాతి రోజుల్లో జ్వరంతో పాటు మోకాలు ఎర్రబడి వేడెక్కితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.