ఆపేదేదో ముందే ఆపాలి

కరోనా లాంటి సమయంలో పెద్ద పోటీలను రద్దు చేయడం అవసరమా, ప్రేక్షకులు లేకుండా జరపొచ్చు కదా అని అడిగారు. 2020 మార్చిలో ఒక మారథాన్‌కి మెడికల్ ఏర్పాట్లు చూసినవాడిగా చెప్తున్నాను. రద్దు చేయడం సరైనదే. ఎప్పుడు చేశారన్నదే అసలు విషయం.

మాది ముందు రోజు సాయంత్రం రద్దయింది. అప్పటికే వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు బిబ్ నంబర్ల (పరుగులో ఛాతీకి పెట్టుకునే నంబర్లు) కోసం హాల్లో క్యూ కట్టారు. జనం గుమికూడకూడదనే కదా రద్దు చేసింది? ఆ జనమంతా అప్పటికే ఒకే గదిలో ఉన్నారు. ఎనిమిది నెలలు ప్రాక్టీస్ చేసిన ఒకావిడ నా ఎదురుగా కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఏం చెప్పాలో తోచలేదు. నిర్వాహకులు చెడ్డవాళ్లు కాదు. స్పాన్సర్లు డబ్బు వెనక్కి అడుగుతారని భయపడి, ఆపేయమని ప్రభుత్వమే చెబితే బాగుండునని చివరిదాకా ఎదురుచూశారు.

అదే నెల మెల్‌బోర్న్ ఫార్ములా వన్ రేసుదీ ఇదే కథ. ఒక జట్టు సభ్యుడికి పాజిటివ్ వచ్చాక, 13వ తేదీ ఉదయం జనం గేట్ల దగ్గర నిలబడి ఉండగా రద్దు ప్రకటించారు. వింబుల్డన్ వాళ్లు మాత్రం జూన్ చివర్లో మొదలయ్యే టోర్నీని ఏప్రిల్ 1నే రద్దు చేశారు. వాళ్లకు అప్పట్లో మహమ్మారికి వర్తించే బీమా ఉండేది, ఆ ధీమా అందరికీ ఉండదు.

ఇక ఖాళీ స్టేడియం సంగతి. ప్రేక్షకులు లేకపోయినా ఆటగాళ్లు, డ్రైవర్లు, హోటల్ సిబ్బంది ఉంటారు. 2021 ఐపీఎల్ మొదటి భాగం ప్రేక్షకులు లేకుండా, బయటివాళ్లతో కలవనివ్వని బయో బబుల్‌లోనే జరిగింది. అయినా వైరస్ లోపలికి వచ్చి, 29 మ్యాచ్‌లయ్యాక మే 4న ఆపాల్సి వచ్చింది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ పెట్టిన బబుల్ నిలబడింది, నిజమే. కానీ అంత కట్టుదిట్టం ఎంతమందికి సాధ్యం?

పైగా మా రన్‌కి ఆరు అంబులెన్సులు, ఇరవై మంది డాక్టర్లు, నర్సులు బుక్ అయి ఉన్నారు. సొమ్మసిల్లినవాళ్లకు సెలైన్ పెట్టడానికి మామూలు ఏడాదిలో అంతమంది కావాల్సిందే. ఆసుపత్రులు నిండిపోతున్నప్పుడు వాళ్లను అక్కడి నుంచి లాక్కురావడం నాకు తప్పనిపిస్తుంది.

మీరే నిర్వాహకులైతే, ఫలానా తేదీకి పరిస్థితి ఇలా ఉంటే ఆపేస్తామని ముందే రాసి ప్రకటించండి. జనం ప్రయాణం టికెట్లు కొనేలోపే ఆ తేదీ ఉండాలి. ఫీజు ఎలా వాపసిస్తారో కూడా రిజిస్ట్రేషన్ రోజే చెప్పండి. మాకు ఆ రూల్ లేక, ఆవిడకు డబ్బు అందేసరికి ఐదు నెలలు పట్టింది.