పులిశాకే పొయ్యెక్కించు

చి. ల. సౌ. సుజాతకు, గుంటూరు నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీకు రక్తం తక్కువగా ఉందని డాక్టరుగారు అన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రోజూ రాగి జావ తాగుతున్నావట, మంచిదే. కానీ పిండి అప్పటికప్పుడు నీళ్లలో కలిపి కాచేస్తున్నావట. ఆ ఒక్కటీ మార్చుకో తల్లీ.

రాగుల్లో ఇనుము, జింకు ఉన్నా, ఆ గింజల్లోనే ఉండే ఫైటిక్ ఆమ్లం అనే పదార్థం వాటిని ఒంటికి అందకుండా పట్టేసి ఉంచుతుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందంటారు కదా, అదీ పూర్తిగా ఒంటికి పట్టదు. పిండి పులిస్తే, గింజలోనే ఉండే ఫైటేజ్ అనే ఎంజైమ్ ఆ పులుపులో బాగా పనిచేసి ఆ పట్టు వదిలిస్తుంది. ఉడికిస్తే ఎంజైమ్ పోతుంది. అందుకే ముందు పులియాలి, తర్వాతే ఉడకాలి.

పావు కప్పు పిండి కప్పు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, స్టీలు గిన్నెలోనో మట్టి ముంతలోనో మూతపెట్టు. మొలకెత్తించి ఎండబెట్టి ఆడించిన పిండి దొరికితే రెండు చెంచాలు కలుపు, మొలకల్లో ఆ ఎంజైమ్ ఎక్కువ. ముందురోజు పులిసిన పిండి గరిటెడు వేస్తే త్వరగా పులుస్తుంది. మే నెలలో మీ బెజవాడ ఎండలకు ఐదారు గంటలు చాలు, డిసెంబరులో పది పన్నెండు పడుతుంది. గడియారం కంటే వాసన చూసుకోవడం నయం, కమ్మని పులుపు రావాలి. నల్లటివో గులాబీవో మచ్చలు కనిపించినా, కుళ్లు వాసన వచ్చినా పైపైన తీసేసి వాడొద్దు. మొత్తం పారబోసెయ్యి.

గుప్పెడు నూకలు మెత్తగా ఉడికించి, ఈ పిండి పోసి, అడుగంటకుండా తిప్పుతూ పచ్చివాసన పోయేదాకా కాచు. మన ఇళ్లలో అంబలిలో మజ్జిగ పోస్తాం, రుచికి దాన్ని మించింది లేదు. కానీ నీకిప్పుడు కావలసింది ఇనుము, పాల పదార్థాలు దానికి కొంత అడ్డు. కాబట్టి చల్లారాక నిమ్మకాయ పిండుకుని, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకో. మజ్జిగ మధ్యాహ్నం అన్నంలోకి ఉంచుకో.

ఇడ్లీ పిండి కూడా ఇంట్లోనే పులియబెట్టు. సోడా వేస్తే పొంగుతుంది గానీ ఈ మేలు జరగదు, పైగా బి1 విటమిన్ పోతుంది.

అంబలి తాగిన గంట దాకా టీ వద్దు. డాక్టరుగారిచ్చిన మాత్రలు మాత్రం ఆపకు, అంబలి వాటికి తోడే గానీ బదులు కాదు.

ఇట్లు
మీ పెద్దమ్మ