పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సరిహద్దుకు అవతలి బాస్కెట్‌బాల్ జట్టు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం కెనడాకు చెందిన టొరంటో రాప్టర్స్ జట్టు గురించే ఉన్నాయి. పిల్లలను టొరంటోలో చదివిస్తున్న తల్లిదండ్రులు ఇక్కడ ఎక్కువయ్యారు కాబట్టి అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఒకే విషయాన్ని పలువురు అడిగినచోట ఒక ప్రశ్ననే తీసుకుని జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: ఎన్‌బీఏ అమెరికా లీగ్ కదా, అందులోకి కెనడా జట్టు ఎలా వచ్చింది? దానికి రాక్షసబల్లి పేరు ఎందుకు పెట్టారు?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: ఈ ఆటకు కెనడా కొత్త కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వ్యాయామశాల గోడలకు పీచ్ పండ్ల బుట్టలు కట్టించి ఈ ఆటను మొదలుపెట్టిన జేమ్స్ నైస్మిత్ కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, ఆల్మాంట్ అనే ఊళ్లో పుట్టినవాడు. అంతేకాదు, ఎన్‌బీఏ తన తొలి ఆటగా లెక్కించుకునే పోటీ కూడా టొరంటోలోనే జరిగింది. 1946 నవంబరు 1న మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో టొరంటో హస్కీస్ జట్టు న్యూయార్క్ జట్టుతో తలపడి 66–68 తేడాతో ఓడిపోయింది. ఆ రోజు జనాన్ని రప్పించడానికి నిర్వాహకులు ఒక తమాషా ప్రకటన ఇచ్చారు. తమ ఆటగాడు జార్జ్ నోస్ట్రాండ్ ఎత్తు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు, అతని కంటే పొడుగున్న వారికి టిక్కెట్టు అక్కరలేదన్నారు. ఐస్ హాకీ తప్ప మరో ఆట పట్టని ఆ ఊరిలో హస్కీస్ ఒక్క సీజన్ ఆడి మూతపడింది.

తర్వాత దాదాపు అర్ధశతాబ్దం పాటు కెనడాకు ఈ లీగ్‌లో చోటు లేదు. 1993 సెప్టెంబరులో వ్యాపారవేత్త జాన్ బిటోవ్ బృందానికి టొరంటో జట్టు మంజూరైంది. ప్రవేశ రుసుము 12.5 కోట్ల అమెరికన్ డాలర్లు. ఒంటారియో ప్రభుత్వ లాటరీలో ఎన్‌బీఏ ఆటల మీద పందాలు కాసే వీలు ఉండటం లీగ్ పెద్దలకు నచ్చకపోవడంతో, ఆ చిక్కు విడేదాకా కొంత బేరసారం నడిచింది. పేరు కోసం దేశమంతటా ప్రజాభిప్రాయం కోరారు. బీవర్లు, డ్రాగన్లు, టెర్రియర్లు వంటివి చివరి జాబితాకు వచ్చినా, అంతకు ముందు ఏడాదే విడుదలైన జురాసిక్ పార్క్ చిత్రం పిల్లలను ఊపేస్తూ ఉండటంతో 1994లో రాప్టర్స్ అనే పేరు ఖాయమైంది. ఆ ఎంపికను చాలామంది ఎగతాళి చేశారు. టోపీలు, చొక్కాలు మాత్రం బాగా అమ్ముడుపోయాయి కాబట్టి వ్యాపారపరంగా అది తెలివైన నిర్ణయమే.

ప్రశ్న: రాప్టర్స్‌తో పాటే వాంకూవర్ నగరానికి కూడా ఒక జట్టు ఇచ్చారని, అది నిలవలేదని చదివాను. ఒకే ఏడాది పుట్టిన రెండు జట్లలో ఒకటి ఎందుకు మిగిలింది, మరొకటి ఎందుకు పోయింది?
– విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయులు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, ఈ జట్టు చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నను మీరు అడిగారు. 1995లో టొరంటో రాప్టర్స్, వాంకూవర్ గ్రిజ్లీస్ రెండూ ఒకే షరతులతో లీగ్‌లోకి వచ్చాయి. ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్లను మన ఐపీఎల్‌లో మాదిరిగా వేలంలో కొనరు. ఏటా డ్రాఫ్ట్ పేరిట జరిగే ఎంపికలో జట్లు వంతులవారీగా కుర్రాళ్లను తీసుకుంటాయి, బలహీనమైన జట్టుకు ముందు వంతు దక్కే అవకాశం ఎక్కువ. అయితే ఈ రెండు కొత్త జట్లకు తొలి కొన్నేళ్లపాటు మొదటి వంతు దక్కకూడదని ముందే ఒప్పందం రాయించుకున్నారు. అంటే ఓటముల వల్ల దక్కవలసిన కాస్త లాభం కూడా వాటికి పూర్తిగా దక్కలేదు.

వాంకూవర్‌ను ముంచింది ముఖ్యంగా డబ్బు మారకం. టిక్కెట్ల ఆదాయం కెనడా డాలర్లలో వస్తుంది, ఆటగాళ్ల జీతాలు అమెరికా డాలర్లలో ఇవ్వాలి. 2000 ప్రాంతంలో కెనడా డాలరు విలువ అమెరికా డాలరులో సుమారు మూడింట రెండు వంతులకు పడిపోయింది. ఆట కూడా కలిసిరాలేదు. ఆరు సీజన్లలో ఒక్కసారి కూడా 23 విజయాలు దాటలేదు, సీజన్ చివర మేటి జట్ల మధ్య కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. 1999 డ్రాఫ్ట్‌లో రెండో వంతులో తీసుకున్న స్టీవ్ ఫ్రాన్సిస్ అనే యువకుడు వాంకూవర్ రానని పట్టుబట్టి మరో జట్టుకు వెళ్లిపోయాడు. 2000లో షికాగో వ్యాపారి మైకేల్ హైస్లీ జట్టును కొని, మరుసటి ఏడాదే అమెరికాలోని మెంఫిస్‌కు తరలించాడు.

మారకం దెబ్బ టొరంటోకూ తగిలింది. కానీ అక్కడ రెండు విషయాలు కలిసివచ్చాయి. మొదటి సీజన్లలో ఆ జట్టు స్కైడోమ్ అనే బేస్‌బాల్ స్టేడియంలో ఒక మూలన కోర్టు పరుచుకుని, మిగిలిన మైదానాన్ని తెరలతో మూసి ఆడేది. 1998లో ఆ నగరపు హాకీ జట్టు యాజమాన్యమే రాప్టర్స్‌ను, అప్పుడు కడుతున్న కొత్త ఇండోర్ స్టేడియంతో సహా కొనేసింది. రెండు ఆటలకూ ఒకే పైకప్పు, ఒకే యజమాని కావడంతో ఖర్చు పంచుకోగలిగారు. 1999 ఫిబ్రవరిలో తెరుచుకున్న ఆ భవనాన్నే ఇప్పుడు స్కోషియాబ్యాంక్ అరీనా అంటున్నారు. యాదృచ్ఛికమే గానీ, అందులో రాప్టర్స్ తొలి ఆట ఆడింది వాంకూవర్ గ్రిజ్లీస్ మీదే. రెండో విషయం విన్స్ కార్టర్. అతని సంగతి తర్వాతి జవాబులో చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి టొరంటోలో ఉంటాడు. ఒకప్పుడు విన్స్ కార్టర్ పేరు చెబితే అక్కడివాళ్లు ఛీ కొట్టేవారని, ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటున్నారని చెప్పాడు. కారణం ఏమిటి?
– గృహిణి, కందుకూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. 1998లో జట్టులోకి వచ్చిన కార్టర్ మొదటి ఏడాదే ఉత్తమ నూతన ఆటగాడి బహుమతి గెలుచుకున్నాడు. 2000 ఫిబ్రవరిలో ఓక్లండ్‌లో జరిగిన డంక్ పోటీలో (ఎగిరి బంతిని చేత్తోనే రింగులో దించడాన్ని డంక్ అంటారు) గాలిలో పూర్తిగా ఒక చుట్టు తిరిగి బంతిని రింగులో దించాడు. మరో ప్రయత్నంలో బంతితో పాటు చేతిని మోచేతి దాకా రింగులోకి దూర్చి, ఒక్క క్షణం అలా వేలాడాడు. అప్పటిదాకా హాకీ కర్ర తప్ప పట్టని కెనడా పిల్లలు వీధుల్లో రింగులు బిగించుకోవడం మొదలుపెట్టింది అతన్ని చూసే. తర్వాతి తరంలో ఎన్‌బీఏకు చేరిన కెనడా కుర్రాళ్లలో చాలామంది తమకు స్ఫూర్తి అతనేనని చెప్పుకున్నారు.

గొడవ మొదలైంది 2001 మే 20న. ప్లేఆఫ్స్‌లో రెండు జట్లు పదేపదే తలపడి, ముందుగా నాలుగు ఆటలు నెగ్గినది ముందుకు వెళ్తుంది. ఫిలడెల్ఫియాతో జరగబోయే నిర్ణాయక ఏడో ఆట నాటి ఉదయం కార్టర్ నార్త్ కరోలినాలో తన విశ్వవిద్యాలయ పట్టా పుచ్చుకోవడానికి వెళ్లి, అక్కడి నుంచి నేరుగా ఆటకు వచ్చాడు. ఒక్క పాయింటు తేడాతో జట్టు ఓడింది. చివరి బంతి వేసింది అతనే, అది పడలేదు. పట్టా కోసం వెళ్లడం తప్పని మేము అనుకోము గానీ, ఓడిన ఊరికి ఆ మాట ఎక్కలేదు. 2004 డిసెంబరులో కార్టర్ తానే కోరి న్యూజెర్సీకి వెళ్లిపోవడంతో కోపం రెట్టింపైంది. అంతకు ముందు ట్రేసీ మెక్‌గ్రేడీ, ఆ తర్వాత 2010లో క్రిస్ బాష్ కూడా వెళ్లిపోయారు. పైకి వచ్చిన ప్రతి ఆటగాడూ సరిహద్దు దాటి అమెరికాకే పోతాడన్న దిగులు ఆ ఊరిలో అప్పుడు పాతుకుపోయింది. 2006 జనవరిలో లాస్ ఏంజెలెస్ లేకర్స్ ఆటగాడు కోబీ బ్రయంట్ ఒక్కడే 81 పాయింట్లు చేసింది ఈ జట్టు మీదే. ఆ రోజులు అలా గడిచాయి.

కాలం గడిచేకొద్దీ కోపం చల్లారింది. 2024 నవంబరు 2న కార్టర్ ధరించిన 15వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వకుండా అరీనా కప్పుకు ఎక్కించారు. రాప్టర్స్ చరిత్రలో ఆ గౌరవం పొందిన మొదటివాడు అతనే.

ప్రశ్న: జట్టునే నమ్ముకున్న డిరోజన్‌ను పంపేసి, ఏడాది మాత్రమే ఉన్న కవై లెనర్డ్‌ను తెచ్చుకోవడం న్యాయమేనా?
– బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు, నెల్లూరు

జవాబు: న్యాయం వేరు, ఆట వేరు. డిమార్ డిరోజన్ 2009లో వచ్చాడు. అందరూ వెళ్లిపోతున్న కాలంలో, 2016లో ఒప్పందం ముగిసినప్పుడు వేరే జట్ల గుమ్మం తొక్కకుండా టొరంటోతోనే మళ్లీ సంతకం చేశాడు. కైల్ లౌరీతో కలిసి జట్టును ఏటా ప్లేఆఫ్స్‌కు చేర్చాడు. 2014 నుంచి "మేము ఉత్తరం వాళ్లం" అన్న నినాదం మారుమోగింది, లోపల టిక్కెట్టు దొరకని వేలమంది అరీనా బయట పెద్ద తెర ముందు నిలబడి ఆట చూసేవారు. కానీ క్లీవ్‌లండ్ జట్టు మేటి ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ అడ్డు తప్పించడం వారి వల్ల కాలేదు. 2016లో 4–2తో, 2017, 2018లలో వరసగా 4–0తో క్లీవ్‌లండ్ చేతిలో ఓడిపోయారు. 59 విజయాలు సాధించిన సీజన్ చివర ఆ మూడో ఓటమి రావడంతో కోచ్ డ్వేన్ కేసీని తొలగించారు. ఆ ఏడాది ఉత్తమ కోచ్ బహుమతి ఆయనకే దక్కడం విచిత్రం.

2018 జులై 18న జట్టు వ్యవహారాల అధిపతి మసాయి ఉజీరి డిరోజన్‌ను శాన్ ఆంటోనియోకు పంపి కవై లెనర్డ్, డానీ గ్రీన్‌లను తీసుకొచ్చాడు. లెనర్డ్ అంతకు ముందు సీజన్‌లో గాయం వల్ల తొమ్మిది ఆటలే ఆడాడు, అతని ఒప్పందం కూడా ఒక్క ఏడాదే మిగిలింది. కొత్త కోచ్ నిక్ నర్స్ అతన్ని 82 ఆటలలో 22 ఆటలకు పక్కన కూర్చోబెట్టి, ప్లేఆఫ్స్ కోసం దాచిపెట్టాడు. మధ్యలో మార్క్ గసోల్ వచ్చి చేరాడు.

2019 మే 12న ఫిలడెల్ఫియాతో ఏడో ఆట. స్కోరు 90–90, మిగిలింది 4.2 సెకన్లు. లెనర్డ్ కుడి మూల దాకా పరిగెత్తి, ఏడడుగుల జోయెల్ ఎంబీడ్ చాచిన చేతుల మీదుగా బంతిని ఎత్తి వేశాడు. గంట మోగేసరికి బంతి ఇంకా గాలిలోనే ఉంది. అది రింగు మీద నాలుగు సార్లు ఎగిరిపడి, లోపలికి జారింది. లెనర్డ్ ఆ సేపంతా మూలన గొంతుకూర్చుని చూస్తూనే ఉన్నాడు. తర్వాత మిల్వాకీతో 0–2 వెనకబడి కూడా వరసగా నాలుగు ఆటలు నెగ్గారు. జూన్ 13న ఓక్లండ్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్‌ను 114–110తో ఓడించి, అమెరికా వెలుపలి నగరానికి తొలిసారి ఎన్‌బీఏ కప్పు తెచ్చారు. ప్రత్యర్థి జట్టులో కెవిన్ డ్యురాంట్, క్లే థాంప్సన్ గాయపడిన మాట వాస్తవం. అయితే గెలుపు లెనర్డ్ ఒక్కడిదే కాదు. చివరి ఆటలో కెమరూన్‌కు చెందిన పాస్కల్ సియాకమ్, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఫ్రెడ్ వాన్‌వ్లీట్, మొదటి నుంచీ చెలరేగిన లౌరీ తలా ఒక చెయ్యి వేశారు.

లెనర్డ్ నెల తిరగకుండానే లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కు వెళ్లిపోయాడు. ఈసారి ఊరు తిట్టలేదు. డిరోజన్‌కు అన్యాయం జరిగిందనే మేము భావిస్తున్నాము, అయినా ఆ స్థానంలో ఉన్న అధికారి వేరే నిర్ణయం తీసుకుని ఉండకూడదనే అంటాము.

ప్రశ్న: కరోనా సమయంలో ఈ జట్టు అమెరికాలో ఉండి ఆడిందా?
– ఆత్మకూరు పాఠకుడు

జవాబు: అవును. సరిహద్దు ఆంక్షల వల్ల 2020–21 సీజన్‌లో సొంత ఆటలను ఫ్లోరిడాలోని టాంపాలో ఆడింది. ఏడేళ్లలో తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేరలేకపోయింది.

ప్రశ్న: రాప్టర్స్‌తో మనవాళ్లకు సంబంధం ఏమైనా ఉందా? మనకు ఆట ఎన్ని గంటలకు వస్తుంది?
– పాఠకురాలు, పొదిలి

జవాబు: టొరంటోలో పుట్టిన సిమ్ భుల్లర్ 2015లో ఎన్‌బీఏలో ఆడిన మొదటి భారత సంతతి ఆటగాడు. అయితే అతను ఆడింది శాక్రమెంటో తరఫున. రాప్టర్స్ విషయంలో చెప్పవలసిన పేరు నవ్ భాటియాది. భారతదేశం నుంచి వలస వెళ్లి, కార్ల అమ్మకంలో స్థిరపడిన ఈ సిక్కు పెద్దమనిషి 1995లో జట్టు పుట్టినప్పటి నుంచి తలపాగాతో, రాప్టర్స్ చొక్కాతో సొంత ఊరి ఆటలకు తప్పక వస్తున్నాడు. 2019 విజయానికి, గెలిచిన ఆటగాళ్లకు ఇచ్చే ఉంగరాన్ని జట్టు ఆయనకు కూడా ఇచ్చింది. నైస్మిత్ పేరిట ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ కీర్తి మందిరం 2021లో అభిమానిగా ఆయనను గౌరవించింది.

సీజన్ సాధారణంగా అక్టోబరులో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది, ఆ తర్వాత ప్లేఆఫ్స్. టొరంటోలో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఆట నవంబరు నుంచి మార్చి మొదటి వారం దాకా మనకు మర్నాడు ఉదయం ఆరు గంటలకు వస్తుంది. ఆ తర్వాత వారి గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి అయిదింటికే లేవాలి.