ముప్పై మూడేళ్ల రిసీవర్‌ను పిలవొచ్చా?

ప్రశ్న: మేం ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ డల్లాస్ కౌబాయ్స్ అంటే ప్రాణం. రిసీవర్లలో, అంటే విసిరిన బంతిని పట్టేవాళ్ళలో, ఎవరికైనా దెబ్బ తగిలితే చాలు, టీమ్ లేకుండా ఖాళీగా ఉన్న సీనియర్‌ను తీసుకోవాలంటాడు. వాళ్ళ నాన్నేమో "ఎవరికీ అక్కర్లేనివాడు మనకెందుకు, కుర్రాళ్ళను ఆడించొచ్చుగా" అంటారు. ఆదివారం వస్తే ఇంట్లో ఇదే వాదన. మీరేమంటారు?
- ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: అమ్మా, నేను మీ అబ్బాయి పక్షమే. అయితే ఒక షరతు ఉంది, అది తర్వాత చెప్తాను.

ముందు మీవారి మాట. ఖాళీగా ఉన్నంత మాత్రాన ఎవరికీ అక్కర్లేనివాడని కాదు. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ సీజన్లు ఆడినవాడు మొదటి వారం టీమ్‌లో ఉంటే, తర్వాత తీసేసినా ఆ ఏడాది జీతం మొత్తం ఇవ్వాల్సి రావచ్చు. అందుకే చాలా టీములు ఆ వారం దాటేదాకా ఆగుతాయి. ఆ తర్వాత మంగళవారాల్లో పిలిపించి పరిగెత్తించి, డాక్టర్లకు చూపిస్తాయి.

2022 డిసెంబర్ గుర్తుందా? కౌబాయ్స్ పేరున్న రిసీవర్ ఓడెల్ బెక్‌హామ్ జూనియర్‌ను డల్లాస్ రప్పించారు. మావరిక్స్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో అప్పటి కౌబాయ్స్ ఆటగాడు మైకా పార్సన్స్ పక్కన కూర్చున్న ఫొటోలు అంతటా తిరిగాయి. కానీ ఆ ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో తెగిన అతని మోకాలి లిగమెంట్ మీద టీమ్‌కు నమ్మకం కుదరలేదు. చివరికి డిసెంబర్ 12న చడీచప్పుడు లేకుండా మరో రిసీవర్ టి.వై. హిల్టన్‌తో సంతకం చేయించారు. వయసు 33. ఇండియనాపోలిస్ కోల్ట్స్‌కు 10 సీజన్లు ఆడి, అప్పటికి ఖాళీగా ఉన్నాడు.

డిసెంబర్ 24న ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో ఆట, కౌబాయ్స్ తరఫున అతనికి అదే మొదటిది. నాలుగో క్వార్టర్‌లో 27-34తో వెనకబడి ఉన్నారు. మూడో ప్రయత్నం (దీన్నే మూడో డౌన్ అంటారు), మళ్ళీ కొత్త ప్రయత్నాలు దక్కాలంటే ముందుకెళ్ళాల్సింది 30 గజాలు. మామూలుగా అక్కడితో ఆశ వదులుకుంటాం. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ దూరంగా విసిరాడు, హిల్టన్ పట్టాడు, 52 గజాలు! బంతి చేతులు మారకముందే స్కోరు సమమైంది, కౌబాయ్స్ 40-34తో గెలిచారు. ఆ క్యాచ్‌ను ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ చూస్తుంటాను.

కుర్రాడికి హిల్టన్ కన్నా వేగం ఉండొచ్చు. కానీ 12 గజాలు వెళ్ళి తిరగమంటే సరిగ్గా 12 దగ్గరే తిరగాలి. ఎందుకంటే రిసీవర్ వెనక్కి చూడకముందే క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలేస్తాడు. ఒక గజం ముందే ఆగిపోతే ఆ బంతి అవతలి వాడి చేతిలో పడుతుంది. ఎదుటి డిఫెన్స్ చివరి క్షణంలో వరస మారిస్తే, తన దారినీ అప్పటికప్పుడు మార్చుకోవాలి. ఈ తెలివి ఏళ్ళ తరబడి ఆడితేనే వస్తుంది. దెబ్బలు తగిలి డిసెంబర్‌లో మనుషులు తక్కువైన టీమ్‌కు, నేర్పించే తీరిక ఎక్కడిది?

ఇక షరతు. పేరు చూసి పిలవకూడదు, పని చూసి పిలవాలి. మరుసటి ఏడాది బాల్టిమోర్ రేవెన్స్ బెక్‌హామ్‌కు కోటిన్నర డాలర్ల గ్యారంటీ ఇచ్చారు. వచ్చింది 35 క్యాచ్‌లు, 565 గజాలు. అతను చెడ్డగా ఆడాడని నేననను, ఆ డబ్బుకు అది చాలదంటాను. అదే కనీస వేతనంతో ఏడాది ఒప్పందమైతే సీనియర్ల కోసం ఉన్న నిబంధన వల్ల శాలరీ క్యాప్‌లో, అంటే టీమ్ మొత్తం జీతాలకున్న పరిమితిలో, ఇంకా తక్కువే లెక్కకొస్తుంది. మోకాలు బాగుండి, మూడో డౌన్‌లో అతన్ని ఎక్కడ నిలబెడతారో కోచ్ ముందే చెప్పగలిగితే, నేనైతే ఆ వారమే సంతకం చేయిస్తాను.

ఈసారి ఎవరినైనా తీసుకుంటే, మొదటి రెండు ఆటల్లో మొత్తం గజాలు లెక్కపెట్టొద్దని మీ తండ్రీకొడుకులిద్దరికీ చెప్పండి. మూడో డౌన్‌లో అతను మైదానంలో ఉన్నాడా, క్వార్టర్‌బ్యాక్ అతని వైపు చూస్తున్నాడా అన్నది కలిసి గమనించమనండి.