తోట అమ్మే ముందు అబ్బాయిని అడిగారా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లెటూరు. అబ్బాయి బీటెక్ ఈఈఈ మూడో సంవత్సరం. సీజీపీఏ 7.0, బ్యాక్‌లాగ్స్ లేవు. విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో డేటా సైన్స్ ఎంఎస్ సీటు ఖాయమని, మొత్తం 40 లక్షలవుతుందని, వెళ్లిన రోజు నుంచే పని చేసుకోవచ్చని చెబుతున్నారు. తిత్లీ తుపాను తర్వాత మళ్లీ వేసుకున్న జీడితోట అమ్మితే 20 లక్షలు వస్తుంది. మిగతాది రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. మా తోడల్లుడి కొడుకు డల్లాస్‌లో సెటిలయ్యాడు. జర్మనీలో ఫీజే ఉండదని ఇంకొకరు చెప్పారు. మాకు ఇంటర్ చదివే అమ్మాయి కూడా ఉంది. అమెరికా మంచిదా, జర్మనీ మంచిదా?

జవాబు: అన్నగారూ, మీరు దేశం గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో నాకు కనిపించిన బెంగ వేరే. పిల్లవాడు ఇక్కడే ఉండిపోతే వెనకబడిపోతాడేమో, రేపు బంధువుల్లో మాట పడాలేమో అని. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి నాకొచ్చే చాలా ఉత్తరాల్లో ఉండేది ఇదే. కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం. ఒక్క సబ్జెక్టూ తప్పకుండా ఈఈఈ మూడో ఏడుకి వచ్చిన పిల్లవాడికి దారులు మూసుకుపోలేదు. వచ్చే ఏడాదే విమానం ఎక్కకపోతే జీవితం ఆగిపోదు. విదేశీ చదువుకి 24 ఏళ్లప్పుడు వెళ్లినా, 26 ఏళ్లప్పుడు వెళ్లినా ఆలస్యమేమీ కాదు. ఆ టెన్షన్ ముందు తీసేయండి.

ఇక లెక్క. 20 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 40 వేలు. రెండేళ్ల చదువయ్యేసరికి వడ్డీయే 9 లక్షల 60 వేలవుతుంది, అసలు అలాగే ఉంటుంది. తోట అమ్మేశాక ఆ 40 వేలు నెలనెలా ఎక్కడి నుంచి తెస్తారు? అబ్బాయి పని చేసి పంపిస్తాడనుకుంటున్నారేమో. అమెరికాలో ఎఫ్‌-1 వీసా మీద చదివేవాళ్లు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపలే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయాలి. ఆ పని కూడా అందరికీ దొరకదు. బయట పెట్రోలు బంకుల్లో, హోటళ్లలో అనుమతి లేకుండా చేస్తే వీసా పోతుంది.

‘వెళ్లిన రోజు నుంచే పని’ అన్న మాట దగ్గరే మీరు ఆగాల్సింది. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది గుర్తుందా? తరగతులే జరగని ఆ యూనివర్సిటీని అమెరికా ప్రభుత్వమే నిఘా కోసం పెట్టింది. పట్టుబడినవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. మొదటి రోజు నుంచే ఉద్యోగం చూపించే చోట చదువు ఎంతుందో చూసుకోవాలి. చదువు లేకపోతే తర్వాత వీసా మార్చుకునేటప్పుడు ఆ కాగితాలే మెడకు చుట్టుకుంటాయి.

అమెరికా చదువు చెడ్డదని నేననడం లేదు. మంచి యూనివర్సిటీలో, తాను కోరుకున్న సబ్జెక్టులో, ఫీజులో కొంత తగ్గింపుతో సీటొస్తే నేనే వెళ్లమంటాను. నా అనుమానమల్లా ఈ డేటా సైన్స్ మీద. ఈఈఈ పిల్లలకీ, మెకానికల్ పిల్లలకీ, సివిల్ పిల్లలకీ అదే కోర్సు చెబుతున్నారు. మూడేళ్లు మెషీన్లు, పవర్ సిస్టమ్స్ చదివిన పిల్లవాడు అవన్నీ పక్కన పడేసి అక్కడికి వెళితే, నాలుగేళ్లు కంప్యూటర్ సైన్సే చదివినవాళ్లతో అవే ఉద్యోగాలకు పోటీ పడాలి. డిగ్రీ అయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద ఒక ఏడాది, ఆ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే మరో రెండేళ్లు పని చేయవచ్చు. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆ తర్వాత హెచ్‌-1బీ, అంటే ఉద్యోగ వీసా. మామూలు కంపెనీలకు ఏటా ఇచ్చేవి 85 వేలు, అడిగేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ, అందుకే లాటరీ. మీ తోడల్లుడి అబ్బాయి ఎప్పుడు వెళ్లాడో, అప్పుడు ఉద్యోగాలెలా ఉన్నాయో కనుక్కోండి. అతనికి కలిసొచ్చింది, సంతోషం. దాన్ని చూసి మీ తోట అమ్మకండి.

జర్మనీలో ఫీజుండదన్న మాట చాలావరకు నిజం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువవాటిలో సెమిస్టరుకి కొద్దిపాటి రుసుమే ఉంటుంది. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్లు సెమిస్టరుకి 1500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. ఖర్చుల కోసం ఏడాదికి 11,904 యూరోలు, అంటే 12 లక్షల పైచిలుకు, బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే చూపించాలి. అది మీ డబ్బే, నెలకు 992 యూరోల చొప్పున అబ్బాయి తీసుకుంటాడు. వీసాకి ముందు, మన చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి.

మార్కుల దగ్గర ఒక మెలిక ఉంది. మన సీజీపీఏని వాళ్ల గ్రేడులోకి ఒక సూత్రంతో మారుస్తారు. పాసుకి కనీసం 4 అని తీసుకుంటే మీ అబ్బాయి 7.0 వాళ్ల లెక్కలో 2.5 అవుతుంది. పాసుకి 5 అని తీసుకుంటే 2.8. అక్కడ అంకె తగ్గేకొద్దీ మంచిది. చాలా కోర్సులు 2.5 లోపు అడుగుతాయి. అంటే అబ్బాయి సరిగ్గా గీత మీద ఉన్నాడు. మిగిలిన సెమిస్టర్లలో 7.5కి లాగగలిగితే పరిస్థితి మారుతుంది. ఆ కన్సల్టెన్సీ జర్మనీ ఊసెత్తలేదు కదా? ఫీజు లేని ప్రభుత్వ యూనివర్సిటీల నుంచి ఏజెంట్లకు సాధారణంగా కమీషన్ రాదు. ఒకవేళ జర్మనీ అన్నా, ఫీజు గుంజే ప్రైవేటు కాలేజీనే చూపిస్తారు, జాగ్రత్త. చదువు ఇంగ్లిషులో దొరికినా ఉద్యోగానికి జర్మన్ భాష రావాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. భాష రాకపోతే ఆ 18 నెలలు ఇట్టే గడిచిపోతాయి.

ఇప్పుడు కొంచెం గట్టిగా అంటాను, ఏమీ అనుకోకండి. ఇంత ఉత్తరం రాశారు, తోట ధర రాశారు, తోడల్లుడి కొడుకు సంగతి రాశారు. మీ అబ్బాయికి ఏమిష్టమో ఒక్క ముక్క రాయలేదు. వాడికి మోటార్లంటే ఇష్టమా, కోడింగ్ ఇష్టమా, అసలు వెళ్లాలనుందా? అమ్మాయి గురించి చివర్లో ఒక్క వాక్యం. రేపు ఆ పిల్లకి ఇంజినీరింగో నర్సింగో చదవాలనిపిస్తే ఏ తోట అమ్ముతారు? 2018లో తుపాను ఒక్క రాత్రిలో ఉద్దానాన్ని పడుకోబెడితే, మీరు మళ్లీ మొక్క నాటి కాపుకి తెచ్చుకున్నారు. ఆ తోటలో ఇద్దరు పిల్లలకూ వాటా ఉంది.

నా సలహా ఇది. ఇప్పుడు ఎవరికీ డబ్బు కట్టకండి. అబ్బాయి మార్కులు పెంచుకుంటూ జర్మన్ మొదలుపెట్టాలి, గేట్‌కి కూడా చదవాలి. గేట్ స్కోరుతో ఎంటెక్ చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. పవర్‌గ్రిడ్ లాంటి సంస్థలు కూడా ఆ స్కోరుతో ఇంజినీర్లను తీసుకుంటాయి. లేదా రెండేళ్లు ఏదైనా ఉద్యోగం చేసి, సొంత సంపాదన కొంత, బ్యాంకు రుణం కొంత కలిపి వెళ్లొచ్చు. విద్యారుణానికి విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి చూడండి. బ్యాంకు వడ్డీ మీ రెండు రూపాయల వడ్డీలో దాదాపు సగమే ఉంటుంది. చదువు సాగినంత కాలం వాయిదాలు కట్టక్కర్లేదు.

అబ్బాయిని నాకు విడిగా రాయమనండి, ఆ ఉత్తరం మీరు చూడొద్దు. ఈలోగా కన్సల్టెన్సీకి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏమైనా ఇచ్చి ఉంటే రేపే విశాఖ వెళ్లి వెనక్కి తెచ్చుకోండి.